‘చట్టబద్ధమైంది’ అని రాసేముందు ఏ తేదీ చూడాలి?

ప్రశ్న: మా మిత్రబృందం కోసం నెలకోసారి రెండు పేజీల చిన్న పత్రిక తెస్తున్నాను. మొదటి పేజీలో గే, లెస్బియన్ హక్కుల వార్తలు, రెండో పేజీలో చరిత్రలోంచి ఒకరి పరిచయం. థాయిలాండ్‌లో స్వలింగ వివాహం 2024 జూన్‌లో చట్టబద్ధమైందని రాస్తే, అప్పటికి అక్కడ ఒక్క పెళ్ళి కూడా నమోదు కాలేదని ఒకరు ఎత్తిచూపారు. హార్వీ మిల్క్‌ని ‘ఎన్నికల్లో గెలిచిన తొలి గే వ్యక్తి’ అన్నందుకు ఇంకొకరు తప్పు పట్టారు. ‘మీ పత్రికలో ఆడవాళ్ళే లేరేం?’ అని మరొకామె అడిగారు. వార్తలన్నీ పేరున్న పత్రికల్లోంచే తీసుకుంటున్నాను. మరి పొరపాటు ఎక్కడ జరుగుతోంది? పనిలో పనిగా ఇంకొకటి: బతికున్నవాళ్ళ గురించి రాయొచ్చా? (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు)

జవాబు: మిమ్మల్ని తప్పు పట్టిన ముగ్గురి మాటా నిజమే. మీరు పేరున్న పత్రికలే చదివారు, అదీ నిజమే. చిక్కు శీర్షికలతో వస్తుంది. బిల్లు సభలో గట్టెక్కిన రోజున వేడుకలుంటాయి, ఫొటోలుంటాయి, కాబట్టి ఆ రోజే పెద్ద వార్త. చట్టం అమల్లోకి వచ్చే రోజుకి చాలా పత్రికలు ఆ సంగతే మరిచిపోతాయి. మీలా నెలకోసారి రాసేవారికి ఇందులో ఒక వెసులుబాటుంది. హడావిడి సద్దుమణిగాక తీరిగ్గా తేదీలు చూసుకోవచ్చు.

థాయిలాండ్‌నే తీసుకోండి. ప్రతినిధుల సభ 2024 మార్చి 27న బిల్లును ఆమోదించింది. సెనేట్ ఆమోదం జూన్ 18న. మీరు పట్టుకున్నది ఈ తేదీనే. ఆ తర్వాత రాజు ఆమోదముద్ర, సెప్టెంబర్ 24న రాజ గెజిట్‌లో ప్రచురణ, అక్కణ్ణుంచి 120 రోజుల గడువు. జంటలు రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టింది 2025 జనవరి 23న. మార్చికీ జనవరికీ మధ్య పది నెలలు. ఈ పది నెలల్లో ఏ రోజున ‘చట్టబద్ధమైంది’ అని రాసినా ఎవరో ఒకరు తప్పు పట్టే వీలుంది, ఆ చివరి రోజున తప్ప.

ఈ ఎడం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 2021 సెప్టెంబర్ 26న ప్రజలు ఓటేశారు, పెళ్ళిళ్ళు 2022 జూలై 1న మొదలయ్యాయి. ఐర్లండ్‌లో 2015 మే 22న రెఫరెండం, నవంబర్ 16 నుంచి అమలు. ఆస్ట్రేలియాలో 2017 నవంబర్ 15న ప్రకటించింది పోస్టల్ సర్వే ఫలితం మాత్రమే. 61.6 శాతం అవునన్నా, దానికదే చట్టం కాదు. పార్లమెంటు డిసెంబర్ 7న చట్టం చేసింది, 9 నుంచి అమల్లోకి వచ్చింది.

హక్కులకు వ్యతిరేకమైన చట్టాల విషయంలో తొందర ఇంకా ప్రమాదం. ఘనా పార్లమెంటు 2024 ఫిబ్రవరి 28న కఠినమైన బిల్లును ఆమోదించగానే ‘ఘనాలో కొత్త చట్టం’ అనుకున్నవాళ్ళున్నారు. అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. 2025 జనవరిలో ఆ పార్లమెంటు గడువు తీరడంతో బిల్లు మురిగిపోయింది. తర్వాత మళ్ళీ కొత్తగా ప్రవేశపెట్టారు, అది వేరే కథ. ఉగాండాలో అలా జరగలేదు. 2023 మేలో అధ్యక్షుడు సంతకం చేశాడు, చట్టమైంది. 2024 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కొన్ని సెక్షన్లు కొట్టేసి, అత్యధిక భాగాన్ని నిలబెట్టింది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో ‘ఆఫ్రికా దేశాల్లో నిషేధం’ అని కట్టిపడేస్తే ఘనాలో ఉన్న మనిషికీ ఉగాండాలో ఉన్న మనిషికీ ఉన్న తేడా పాఠకుడికి తెలియదు.

కోర్టు వార్తలు ఇంతకన్నా తిరకాసు. ముందు చూడాల్సింది ఏ కోర్టు, ఆ పైన ఇంకో కోర్టు ఉందా అని. తర్వాత, అది తుది తీర్పా, మధ్యంతర ఉత్తర్వా అని. నేపాల్ సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ఇచ్చింది మధ్యంతర ఉత్తర్వు. పెళ్ళిళ్ళను తాత్కాలికంగా విడి రిజిస్టర్లో నమోదు చేయమంది. అదే జూలైలో కాఠ్మాండు జిల్లా కోర్టు ఒక జంట దరఖాస్తును తిప్పి పంపింది. నమోదైన మొదటి పెళ్ళి నవంబర్ 29న, లమ్‌జుంగ్ జిల్లాలోని ఒక గ్రామీణ పురపాలికలో. ‘నేపాల్‌లో స్వలింగ వివాహం చట్టబద్ధం’ అని ఒక్క ముక్కలో రాస్తే ఇవన్నీ ఎగిరిపోతాయి. స్వలింగ వివాహాలున్న దేశాల జాబితాల్లో అంకెలు కలవకపోవడానికి ఇదొక కారణం. నేపాల్‌ని కలుపుకునేవారు కొందరు, కలుపుకోనివారు కొందరు. తైవాన్‌ని దేశంగా లెక్కపెట్టాలా వద్దా అన్న పేచీ ఇంకోటి. అంకె రాయాల్సొస్తే ఎవరి లెక్కో, ఏ నెల లెక్కో పక్కనే రాయండి.

‘రాజ్యాంగ విరుద్ధం’ అన్న మాట చూడగానే పెళ్ళిళ్ళు మొదలైనట్టు అనుకోకండి. జపాన్‌లో సప్పోరో జిల్లా కోర్టు 2021 మార్చిలో, హైకోర్టు 2024 మార్చిలో స్వలింగ జంటలకు పెళ్ళి లేకపోవడాన్ని రాజ్యాంగ విరుద్ధమన్నాయి. కానీ దావా వేసినవారికి పరిహారం రాలేదు, పౌర చట్టం మారలేదు, మర్నాడు ఎవరూ పెళ్ళి నమోదు చేయించుకోలేకపోయారు. తైవాన్‌లో కోర్టు గడువు పెట్టింది. 2017 మే 24న తీర్పు, రెండేళ్ళలోగా చట్టం మార్చమని ఆదేశం. మధ్యలో 2018 నవంబర్లో రెఫరెండంలో జనం వ్యతిరేకంగా ఓటేశారు. అయినా తీర్పు గడువు తీరే రోజుకి, 2019 మే 24కి, చట్టం అమల్లోకి వచ్చింది. ఈ క్రమం తెలియనివాళ్ళు 2018 వార్త ఒక్కటే చదివి ‘తైవాన్ తిరస్కరించింది’ దగ్గరే ఆగిపోతారు.

భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17 తీర్పు గురించి ఇప్పటికీ రెండు తప్పులు కనిపిస్తుంటాయి. ఒకటి, ‘స్వలింగ వివాహాన్ని నిషేధించింది’ అన్నది. కోర్టు కొత్తగా నిషేధమేదీ పెట్టలేదు. పెళ్ళి చేసుకునే హక్కు ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జిలూ అన్నారు. పెళ్ళి కాకపోయినా జంటగా చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్న చోట 3-2గా చీలి, వద్దన్నవారు ముగ్గురయ్యారు. చట్టం చేయడం పార్లమెంటు పని అన్నారు. రెండో తప్పు, దీంతో 2018 తీర్పు రద్దయిందనుకోవడం. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి, పెద్దలు పరస్పర సమ్మతితో పెట్టుకునే సంబంధాలను 2018 సెప్టెంబర్ 6న తప్పించిన తీర్పు చెక్కుచెదరలేదు. పైగా 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ సెక్షనే కొత్త చట్టంలో లేదు. పాత వ్యాసాలు చూసి రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. 2023 తీర్పుపై రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు.

నేరం కాకపోవడం, జంటగా గుర్తింపు, వివక్ష నుంచి రక్షణ: ఈ మూడూ మూడు వేర్వేరు దారులు. ఒకదానిలో ముందడుగు పడ్డ రోజే ఇంకోదానిలో తలుపు మూసుకోవచ్చు. మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన 377ఏ సెక్షన్ రద్దుకు సింగపూర్ పార్లమెంటు 2022 నవంబర్ 29న ఓటేసింది. అదే రోజున పెళ్ళి నిర్వచనాన్ని కోర్టులో సవాలు చేయడానికి వీల్లేకుండా రాజ్యాంగ సవరణ కూడా చేసింది. ఒక్క సగమే రాస్తే అది సగం వార్త.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. ప్రతి వార్తకీ ముందు చిత్తుకాగితం మీద నాలుగు జవాబులు రాసుకోండి. నిర్ణయం తీసుకున్నది ఎవరు, అంటే ఏ సభ, ఏ కోర్టు, ఎంతమంది జడ్జిలు? ఏ తేదీన? ఇంకా మిగిలిన మెట్టు ఏది, అంటే రెండో సభా, సంతకమా, గెజిటా, అప్పీలా? నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: రేపు పొద్దున ఒక జంట కార్యాలయానికి వెళ్తే ఏం జరుగుతుంది? నాలుగోదానికి జవాబు దొరక్కపోతే వార్త మీకింకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. అక్కడికి ఆపి, పత్రిక కథనం వదిలేసి, ఆ పార్లమెంటు సైటులోనో కోర్టు సైటులోనో అసలు పత్రం వెతకండి. తీర్పు వందల పేజీలున్నా భయపడక్కర్లేదు. చివరి పేజీల్లో ఉండే ఉత్తర్వు భాగం, భిన్నాభిప్రాయం రాసిన జడ్జిల పేర్లు, ఈ రెండూ చూస్తే మీ పేజీకి చాలు.

ఈ లెక్కన మీ థాయిలాండ్ వార్త ఇలా ఉండాల్సింది: ‘థాయిలాండ్ సెనేట్ జూన్ 18న వివాహ సమానత్వ బిల్లును ఆమోదించింది. రాజు సంతకం, గెజిట్ ప్రచురణ మిగిలాయి. గెజిట్‌లో వచ్చిన 120 రోజులకు అమలవుతుంది. అంతవరకూ పెళ్ళిళ్ళు నమోదు కావు.’ పొడవు పెద్దగా పెరగలేదు, ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇంకొక్క జాగ్రత్త: ఒకసారి అమలైంది కదా అని ఫైలు మూసేయకండి. బ్రిటన్ ఏలుబడిలోని బెర్ముడా దీవుల్లో 2017లో కోర్టు ఇచ్చిన హక్కును 2018లో అమల్లోకి వచ్చిన చట్టం తీసేసింది, అక్కడి కోర్టులు మళ్ళీ ఇచ్చాయి, చివరికి 2022 మార్చిలో వాళ్ళ చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. దేశం పేరుతో రాసేటప్పుడు దేశమంతటికీ వర్తిస్తుందా అన్నదీ చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2014 మార్చిలో పెళ్ళిళ్ళు మొదలైతే, అదే రాజ్యంలోని ఉత్తర ఐర్లండ్‌కి 2020 దాకా రాలేదు.

రెండో పేజీకి వద్దాం. అక్కడ మిమ్మల్ని ముంచింది ‘తొలి’ అన్న మాట. హార్వీ మిల్క్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభకు (బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్) గెలిచింది 1977 నవంబర్లో. అంతకు మూడేళ్ళ ముందే, 1974 ఏప్రిల్‌లో, కాథీ కొజాచెంకో లెస్బియన్‌నని చెప్పుకునే మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ నగర సభకు గెలిచింది. అదే ఏడాది నవంబర్లో ఎలేన్ నోబుల్ మసాచుసెట్స్ రాష్ట్ర సభకు ఎన్నికైంది. మిల్క్ కాలిఫోర్నియాలో ఎన్నికైన తొలి బాహాటమైన గే వ్యక్తి. ఇలా రాస్తే ఆయన గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు జారిపోయి మిల్క్ పేరు నిలవడానికి 1978 నవంబర్ 27న జరిగిన ఆయన హత్య ఒక ముఖ్య కారణమని నేననుకుంటాను. కాబట్టి ‘తొలి’ అని రాసేముందు పదవి, చోటు, ఏడాది మూడూ చేర్చండి. చేర్చాక కూడా నిలబడితే రాయండి.

స్టోన్‌వాల్ తిరుగుబాటు మీద రాస్తే ‘మొదటి ఇటుక విసిరింది ఎవరు’ అన్న జోలికి పోకండి. 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని ఆ పేరున్న గే బారు మీద పోలీసుల దాడి, జనం తిరగబడటం, గొడవలు కొన్ని రాత్రులు సాగడం: ఇవి గట్టి విషయాలు. ఇటుక కథలో ఎక్కువగా వినబడే పేరు మార్షా పీ జాన్సన్‌ది. తాను వచ్చేసరికే గొడవ మొదలైందని ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆమె మాట కాదని ఆమె మీద కథ అల్లడం ఆమెకు గౌరవమేమీ కాదు. ‘ఉద్యమం స్టోన్‌వాల్‌తో పుట్టింది’ అన్నదీ అంతే. ఫ్రాంక్ కామెనీ, బార్బరా గిటింగ్స్ లాంటి ఉద్యమకారులు 1965 నుంచే ఏటా జూలై 4న ఫిలడెల్ఫియాలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఇంకా వెనక్కి వెళ్తే, జర్మన్ న్యాయవాది కార్ల్ హైన్రిష్ ఉల్రిక్స్ 1867 ఆగస్టు 29న మ్యూనిక్‌లో న్యాయవాదుల మహాసభ ముందు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టాలు తీసేయాలని మాట్లాడబోతే అరిచి గోల చేసి ఆపేశారు.

స్వలింగ సంబంధానికి శిక్షపడ్డ బ్రిటిష్ గణితవేత్త అలాన్ ట్యూరింగ్‌తో మూడు చోట్ల కాలు జారుతుంది. ‘ఎవరూ ఏమీ ఊహించని మనుషులే ఎవరూ ఊహించలేనివి చేస్తారు’ అన్న వాక్యం ఆయనది కాదు, 2014లో ఆయన జీవితం మీద వచ్చిన సినిమాలో సంభాషణ. 1954 జూన్‌లో ఆయన మంచం పక్కన సగం కొరికిన ఆపిల్ దొరికిన మాట నిజమే, కానీ దానిలో సైనైడ్ ఉందో లేదో అప్పుడు పరీక్షించలేదు. కాబట్టి ‘విషం పూసిన ఆపిల్ తిని’ అని రాయకూడదు. విచారణ తేల్చింది సైనైడ్‌తో ఆత్మహత్య అని, అంతవరకే. ఇక మూడోది: 2009లో ప్రధాని గోర్డన్ బ్రౌన్ చెప్పింది క్షమాపణ, 2013 డిసెంబర్ 24న రాణి ఇచ్చింది క్షమాభిక్ష. అదే తీరులో శిక్షపడ్డ మిగతా వేలమందికి వర్తించే చట్టం 2017లో గానీ రాలేదు. మూడింటినీ కలిపేసి ‘బ్రిటన్ క్షమాపణ చెప్పింది’ అంటే ఎనిమిదేళ్ళ పోరాటం మాయమవుతుంది.

ఆడవాళ్ళ సంగతికొస్తే, ఆ పాఠకురాలు అడిగిన ప్రశ్న వెనుక గట్టి కారణమే ఉంది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన బ్రిటన్ 1885 చట్టం, జర్మనీ శిక్షాస్మృతిలోని 175వ పేరాగ్రాఫ్ మగవాళ్ళ మీదే. ఆడవాళ్ళనూ కలపాలని 1921లో బ్రిటన్‌లో ఒక ప్రయత్నం జరిగితే ప్రభువుల సభ తోసిపుచ్చింది. దాంతో పోలీసు రికార్డుల్లో, కోర్టు ఫైళ్ళలో ఆడవాళ్ళు కనబడరు. అరెస్టులు, విచారణలు వెతుకుతూ పోతే మీకు మగవాళ్ళే దొరుకుతారు, అందుకే మీ పేజీ అలా తయారైంది. ఆడవాళ్ళ కోసం డైరీలు, ఉత్తరాలు, వీలునామాలు, చిన్న పత్రికలు వెతకాలి.

యార్క్‌షైర్‌కి చెందిన ఆన్ లిస్టర్ (1791-1840) డైరీలు ఇలాంటివే. లక్షల మాటలు, అందులో ఆరో వంతు దాకా గ్రీకు అక్షరాలూ బీజగణిత గుర్తులూ కలిపి తానే కట్టుకున్న సంకేత లిపి. ప్రేమ సంగతులన్నీ ఆ లిపిలోనే. 1890ల్లో ఆ వంశపు జాన్ లిస్టర్, ఆయన స్నేహితుడు కలిసి లిపిని ఛేదించారు, బయటికి చెప్పలేదు. హెలెనా విట్‌బ్రెడ్ ఆ భాగాలు అచ్చువేసింది 1988లో. 1834 ఈస్టర్‌నాడు లిస్టర్, ఆన్ వాకర్ కలిసి ప్రార్థనలో పాల్గొని తమ బంధాన్ని ఖాయం చేసుకున్న యార్క్ చర్చి దగ్గర 2018లో ఒక ఫలకం పెట్టారు. దానిమీద ఆమెను లెస్బియన్ అనకుండా, లింగ కట్టుబాట్లకు లొంగని వ్యాపారవేత్త అన్నట్టు రాశారు. జనం అభ్యంతరం చెప్పారు, 2019లో మార్చారు. ఇక్కడ మీకు పనికొచ్చే కొలత ఉంది. ఆడవాళ్ళ మీదే తన ప్రేమ అని సొంత చేత్తో రాసుకున్న మనిషి విషయంలో నీళ్ళు నమలక్కర్లేదు. అలాంటి రాత లేనివారి విషయంలో మాత్రం, ఎవరితో కలిసి బతికారు, ఎవరికి ఆస్తి రాశారు, ఉత్తరాల్లో ఏముంది, ఇవి చెప్పి ఆగండి. మిగతాది పాఠకులకే తెలుస్తుంది.

రాబోయే సంచికకి నా సలహా: డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్. వాళ్ళ కథలో మీ మొదటి పేజీ పాఠం కూడా కలిసొస్తుంది. 1953 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసి ఉన్నారు. 1955లో మరో ఆరుగురితో కలిసి డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే లెస్బియన్ సంఘం పెట్టారు. 1956 అక్టోబర్ నుంచి ఆ సంఘం ‘ది ల్యాడర్’ పత్రిక తెచ్చింది. లయనే మొదటి సంపాదకురాలు, మొదట్లో ఆన్ ఫెర్గూసన్ అన్న మారుపేరుతో. పాఠకుల్ని భయపడొద్దని చెబుతూ తాను పేరు దాచుకోవడం బాగాలేదనిపించి, ‘ఆన్ ఫెర్గూసన్ ఇక లేదు’ అని ప్రకటించి సొంత పేరు వేసుకుంది. చిన్న పత్రిక నడిపే మీకు ఈ ముచ్చట నచ్చుతుంది.

ఇక వాళ్ళ పెళ్ళి తేదీలు చూడండి. 2004 ఫిబ్రవరి 12న నగర మేయర్ లైసెన్సులిస్తే మొదటి జంట వీళ్ళే. ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పెళ్ళిళ్ళన్నీ చెల్లవంది. 2008 మేలో అదే కోర్టు స్వలింగ వివాహానికి దారి తెరిచింది, జూన్ 16న మళ్ళీ పెళ్ళి. ఆగస్టు 27న మార్టిన్ పోయింది. నవంబర్ 4న ఓటర్లు ప్రొపోజిషన్ 8 అనే రాష్ట్ర రెఫరెండంతో ఆ దారి మూసేశారు, కానీ అప్పటికే జరిగిన పెళ్ళిళ్ళు చెల్లుతాయని కోర్టు తర్వాత తేల్చింది. దాదాపు ఐదేళ్ళ ఈ కాలంలో ఏ నెలలో వార్త రాసినా వేరే వాక్యం రాయాల్సి వచ్చేది.

బతికున్నవాళ్ళ గురించి రాయొచ్చు, ఒక్క షరతుతో. ఆ మనిషి తన పేరుతో, బహిరంగంగా, తానే చెప్పి ఉండాలి. ఐస్‌లాండ్ మాజీ ప్రధాని యోహన్నా సిగుర్దార్‌దోత్తిర్ లాంటివారి గురించి సందేహమే లేదు. 2010 జూన్ 27న అక్కడ చట్టం అమల్లోకి వచ్చిన రోజునే ఆమె పెళ్ళి నమోదైంది. స్నేహితులు చెప్పారు, ఫొటో చూస్తే తెలుస్తోంది, అందరికీ తెలిసిందే అన్నవి చెల్లవు. మీ బృందంలో ఇరవైమందే చదువుతారనుకున్నా, ఒక స్క్రీన్‌షాట్ చాలు. శిక్షలున్న దేశాల వార్తల్లో మామూలు మనుషుల పేర్లు, మొహాలు కనబడే ఫొటోలు పెద్ద పత్రిక వేసినా మీరు వేయకండి. ఉగాండా చట్టంలో యావజ్జీవం ఉంది, కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా. పిటిషనర్లు తీర్పులో పొడి అక్షరాలతో ఉంటే మీరూ పొడి అక్షరాలే వాడండి, వెతికి అసలు పేరు పెట్టొద్దు.

చెప్పుకునే సమయం కూడా ఆ మనిషిదే. 1972 మేలో డల్లస్‌లో అమెరికా సైకియాట్రిస్టుల సభలో ఒక డాక్టరు ముసుగు, విగ్గు పెట్టుకుని, గొంతు మారేలా మైకు అమర్చుకుని ‘నేను హోమోసెక్షువల్‌ని, సైకియాట్రిస్టుని’ అన్నాడు. మరుసటి ఏడాది, 1973 డిసెంబర్లో, ఆ సంఘం హోమోసెక్షువాలిటీని మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. (ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది 1990 మే 17న. రెంటినీ కలపకండి, చాలామంది కలుపుతారు.) ఆ ముసుగు మనిషి తాను జాన్ ఫ్రయర్‌నని సంఘం సభలో చెప్పుకుంది 1994లో.

సవరణలు ఎలా వేయాలని మీరు అడగలేదు గానీ, వేయాలి. తప్పు ఏ పేజీలో వచ్చిందో ఆ పేజీలోనే, పైభాగంలోనే వేయండి. ‘జూలై సంచికలో థాయిలాండ్‌లో స్వలింగ వివాహం చట్టబద్ధమైందని రాశాం. జూన్ 18న జరిగింది సెనేట్ ఆమోదం. పెళ్ళిళ్ళు 2025 జనవరి 23న మొదలయ్యాయి’ అంటే సరిపోతుంది. హార్వీ మిల్క్ సవరణలో కాథీ కొజాచెంకో, ఎలేన్ నోబుల్ పేర్లూ, నెలలూ, ఊళ్ళూ తప్పక వేయండి. పాత సంచిక పీడీఎఫ్ ఇంకా ఎవరి ఫోన్లలోనో తిరుగుతూ ఉంటుంది కనక దాన్నీ సరిదిద్ది, సవరించిన తేదీతో మళ్ళీ పంపండి.